నవంబర్ 14ను బొమ్మల కథలకు ఇవ్వండి: గ్రంథాలయ సంస్థకు బహిరంగ లేఖ

ఉమ్మడి చిత్తూరు జిల్లా గ్రంథాలయ సంస్థ పాలకవర్గానికి, తిరుపతి ప్రాంతీయ గ్రంథాలయ అధికారులకు,

నమస్కారం.

నేను శ్రీకాళహస్తి దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచర్‌ని. ఈసారి గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజును, అంటే నవంబర్ 14ను, తిరుపతిలో బొమ్మల కథల రోజుగా జరపమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. కామిక్స్ చదివేవాళ్ళు, వేసేవాళ్ళు, వేయాలని ఆశ ఉన్న పిల్లలు ఆ ఒక్క రోజు ఒకచోట కలవాలి. మీకు విడిగా అర్జీ ఇవ్వవచ్చు. కానీ ఇది మీరు అనుమతిస్తే మాత్రం జరిగిపోయే పని కాదు. తల్లిదండ్రులు, టీచర్లు, కలంకారి పనివాళ్ళు, బోర్డులు రాసే ఆర్టిస్టులు కూడా కదలాలి. అందుకే అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ఈ ఆలోచన చెన్నైలో పుట్టింది. మా బడిలో బొమ్మలు బాగా వేసే పిల్లలు కొందరిని, వాళ్ళ పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని అక్కడ జరిగిన ఒక కామిక్స్ కన్వెన్షన్‌కి, అంటే కామిక్స్ వేసేవాళ్ళు, చదివేవాళ్ళు కలిసే సంతకి, వెళ్ళాను. మొదటి రోజే వెళ్దామని పట్టుబట్టింది నేనే. ఇలాంటి చోట్ల మొదటి రోజు పొద్దున గేట్లు తీసిన తర్వాతి గంటా రెండు గంటలే అసలైన సమయం. బొమ్మలు వేసేవాళ్ళ బల్లల మీద పుస్తకాలు నిండుగా ఉంటాయి. వాళ్ళకు మనతో తీరిగ్గా మాట్లాడే ఓపిక ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి కాలు పెట్టే సందు ఉండదు. రెండో రోజుకి తక్కువ కాపీలు వేసిన చిన్న పుస్తకాలు అయిపోతాయి.

తెల్లవారకముందే తిరుపతిలో బస్సెక్కి పుత్తూరు, ఊతుకోట మీదుగా వెళ్ళాం. మేం చేరేటప్పటికే క్యూ రోడ్డు దాకా వచ్చింది. అందులో సగం మంది కామిక్స్ పాత్రల వేషాలు వేసుకుని ఉన్నారు. భుజకీర్తులు, కవచాలు, మనిషెత్తు కత్తులు. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ చెప్పుల అడుగులకు వాడే రకం ఫోమ్ షీటుతో చేసినవే. హీట్ గన్‌తో వంచి, అతికించి, రంగు వేశారు. ఒక అమ్మాయి తన కవచం కోసం నెలల తరబడి రాత్రిళ్ళు కూర్చున్నానని చెప్తుంటే, మాతో వచ్చిన ఒక తండ్రి ఆ అతుకులు వేలితో తడిమి చూసి, పని గట్టిగా ఉందని మెచ్చుకున్నాడు. ఆయన కార్పెంటరు. ఊరికే పొగిడే మనిషి కాదు.

గేట్లు తీశారు, జనం లోపలికి నడిచారు, అంతే. వేదిక లేదు, దండలు లేవు, ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులు లేవు. చేతికి పేపర్ బ్యాండ్ కట్టించుకున్న క్షణం నుంచి ఆ రోజు పిల్లలదే. ఈ సంగతి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

పెద్ద కంపెనీల స్టాళ్ళలో బొమ్మలు, టీషర్టులు, ధగధగలాడే లైట్లు చాలా ఉన్నాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను, మా పిల్లలు కూడా అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. మమ్మల్ని కట్టిపడేసింది ఆర్టిస్ట్ ఆలీ. బొమ్మలు వేసేవాళ్ళు తలా ఒక బల్ల తీసుకుని, తాము వేసిన పుస్తకాలు, ప్రింట్లు, స్టిక్కర్లు తామే అమ్ముకునే వరస అది. మధ్యలో ఏజెంట్ లేడు. కొన్నవాళ్ళకి పుస్తకం మొదటి పేజీలో అప్పటికప్పుడు బొమ్మ వేసి, సంతకం పెట్టి ఇస్తున్నారు.

ఒక బల్ల దగ్గర పాతికేళ్ళ కుర్రాడు ఒక పేజీకి ఇంకింగ్ చేస్తున్నాడు. పెన్సిల్ గీతల మీద బ్రష్ పెన్‌తో నల్లగీత లాగుతున్నాడు. పక్కన అరచేతంత కాగితం మీద అదే పేజీకి ముందుగా వేసుకున్న చిత్తు ఉంది. ఏ గడిలో ఎవరుండాలి, ఏ గడి పెద్దది, మాటల బుడగ ఎక్కడ రావాలి అన్నీ అందులో పుల్లల్లాంటి గీతలతో ఉన్నాయి. మా తొమ్మిదో క్లాసు అమ్మాయి ఆ చిత్తు దగ్గరే నిలబడిపోయింది. వాళ్ళ నాయన శ్రీకాళహస్తిలో కలంకారి పని చేస్తాడు. "మా నాయన కూడా ముందు ఇట్లే గళ్ళు కొట్టుకుంటాడు సార్" అంది.

ఆ నాయన కూడా మాతోనే ఉన్నాడు. వచ్చిన తమిళంలోనే ఆ కుర్రాణ్ణి అడిగాడు: గడికీ గడికీ మధ్య తెల్లజాగా ఎందుకు వదిలినావు, మేమైతే ఆడ అక్షరాలు రాస్తాం కదా అని. కుర్రాడు పెన్ను పక్కన పెట్టాడు. ఒక గడిలో మనిషి కర్ర ఎత్తుతాడు, తర్వాతి గడిలో కుండ పగిలిపోయి ఉంటుంది, దెబ్బ పడింది మాత్రం ఈ తెల్లజాగాలో, దాన్ని వేసుకోవాల్సింది చదివేవాళ్ళే అని వివరించాడు. కలంకారి ఆయన కాసేపు ఆ పేజీ వంకే చూసి, తమ గుడ్డ మీద ఒక గడి నుంచి ఇంకో గడికి కథను నడిపించేది బొమ్మ వెంట రాసిన అక్షరాల వరస అని చెప్పాడు. ఇద్దరూ అట్లా మాట్లాడుకుంటూనే ఉన్నారు. వెనక జనం పోగయ్యారు, ఎవరూ తొందరపెట్టలేదు.

అయ్యా, శ్రీకాళహస్తి కలంకారి ఎట్లా ఉంటుందో మీకు తెలియనిది కాదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద చింతపుల్ల బొగ్గుతో గీసి, తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి తీసిన నల్లరంగుతో వెదురు కలం పట్టి గీతలు దిద్దుతారు. నడుమ పట్టాభిషేకం పెద్దగా ఉంటుంది. చుట్టూ వరసలు వరసలుగా చిన్న గళ్ళు, ప్రతి వరసలో కథ తెలుగులో రాసి ఉంటుంది. గడులు, బొమ్మలు, మాటలు, చదివే వరస. కామిక్స్ పేజీలో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి. 19వ శతాబ్దంలో శ్రీకాళహస్తిలో వేసిన రామాయణం గుడ్డ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ పని చేసే చేతులు ఇప్పటికీ మన ఊళ్ళో ఉన్నాయి. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు ఇక్కడివారే. తిరుపతిలో తితిదే శిల్పకళా సంస్థ కలంకారి నేర్పుతోంది. ఇంత ఉన్నచోట, కలంకారి మనిషీ కామిక్స్ కుర్రాడూ ఒకరినొకరు చూసుకోవడానికి చెన్నై దాకా పోవాల్సి రావడం నాకు బాధగా ఉంది. ఆ మాటలు తిరుపతిలో జరగాలి. మన పిల్లలు చుట్టూ నిలబడి వినాలి.

ఆ రోజు ఇంకొకటి కూడా జరిగింది. మా ఎనిమిదో క్లాసు అబ్బాయి బల్లలన్నీ తిరిగొచ్చి, "మన తెలుగులో యాడుండాయి సార్?" అని అడిగాడు. ఇంగ్లీషు పుస్తకాలున్నాయి, తమిళంలో ఉన్నాయి. తెలుగులో మాత్రం మా కంటికి ఒక్కటీ కనబడలేదు. అది అక్కడివాళ్ళ తప్పు కాదు. తెలుగులో వేసి, అచ్చు వేయించి తెచ్చేవాళ్ళుంటేనే కదా బల్ల మీద పెట్టేది. ఆ అబ్బాయి వాచకం తెరిస్తే రెండు లైన్లకే కళ్ళు పక్కకు పోతాయి. ఆ రోజు మాత్రం అర్థం కాని ఇంగ్లీషు కామిక్ ఒకటి కొనుక్కుని, తిరుగు బస్సులో బొమ్మల్ని పట్టుకుని కథను తానే అల్లుకుంటూ పక్కవాడికి చెప్తూ వచ్చాడు. అదే పుస్తకం తెలుగులో ఉంటే వాడు ఊతుకోట దాటకముందే చదివేసేవాడు.

తెలుగు బొమ్మల కథలు పుట్టిందీ ఆ చెన్నైలోనే కదా. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసు నుంచి తెలుగు, తమిళాల్లో ఒకేసారి చందమామ మొదలుపెట్టారు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాల కోసం ఇళ్ళల్లో పెద్దవాళ్ళే పోట్లాడుకున్నారు. విక్రమార్కుడి భుజం మీద శవాన్ని తెలుగు పిల్లల కళ్ళకు కట్టించిన శంకర్ గారు తమిళులు. 1952లో చందమామలో చేరి దశాబ్దాల పాటు వేశారు. 2020లో, 90 ఏళ్ళు దాటిన వయసులో పోయారు. చందమామ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. తమిళంలో అయితే 1972లో శివకాశిలో మొదలైన ముత్తు కామిక్స్‌కి పాత పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. నగరి, సత్యవేడు వైపు తమిళం చదవడం వచ్చినవాళ్ళని అడిగి చూడండి, అందులో హీరో ఇనుప చేయి మాయావి పేరు చెబితే చాలు, మొహం వెలిగిపోతుంది.

మన పిల్లలకు బొమ్మల కథల మీద మోజు తగ్గలేదు. అనిమే, అంటే జపాన్ యానిమేషన్, తెలుగు డబ్బింగ్‌లో కూడా వస్తోంది కాబట్టి ఫోన్లలో చూస్తున్నారు. జపాన్ పాత్రల పేర్లు తడుముకోకుండా చెప్తారు. జపాన్ కామిక్స్ అయిన మాంగా కుడి నుంచి ఎడమకు చదవాలని నాకు చెప్పింది మా ఏడో క్లాసు పిల్లలే. చూడటం, ఇష్టపడటం అయిపోయాయి. చదవడానికి తెలుగులో పుస్తకం, వేయడానికి నేర్పే మనిషి, వేసింది చూపించుకోవడానికి ఒక చోటు, ఇవి మాత్రం లేవు. ఈ మూడూ ఇవ్వగలిగింది గ్రంథాలయమే అని నమ్మి మిమ్మల్ని అడుగుతున్నాను.

దీనికి మీరు కొత్తగా తేదీ వెతకాల్సిన పని లేదు. నవంబర్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు ఎలాగూ చేస్తున్నారు. మొదటి రోజు బాలల దినోత్సవం. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గులు, చిత్రలేఖనం పోటీలు ప్రతి ఏడాదీ ఉంటాయి. చిత్రలేఖనం పోటీకి పిల్లల్ని నేనూ తీసుకొస్తుంటాను. పచ్చదనం, పరిశుభ్రత అని అంశం ఇస్తారు, పిల్లలు గంటలో చెట్టు, చెత్తబుట్ట, నవ్వే సూర్యుడు వేసి ఇచ్చేస్తారు. వాళ్ళు అంతకన్నా ఎక్కువ చేయగలరు. నాలుగు గళ్ళిచ్చి మీ వీధిలో జరిగిన సంగతి ఒకటి చెప్పమనండి, ఏం వేస్తారో చూడండి. మా క్లాసులో ఒక పాప తిరుమలకు నడిచి పోయే భక్తులకు మెట్ల దగ్గర మజ్జిగ అమ్మే వాళ్ళ అవ్వ కథ వేసింది. మూడో గడిలో అవ్వ మొహం లేదు, మజ్జిగ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒక్కటే ఉంది. అట్లా వేయమని ఆ పాపకు ఎవరూ చెప్పలేదు.

చిన్నగా మొదలుపెడితే చాలు. 1970 ఆగస్టులో శాన్ డియేగోలో మొదటి కామిక్స్ కన్వెన్షన్ ఒక హోటల్ అడుగు అంతస్తులో జరిగింది, వచ్చినవాళ్ళు 300 మంది. ఇప్పుడు అక్కడికి లక్ష దాటి వస్తారు. 1975 డిసెంబర్‌లో టోక్యోలో కామికెట్ అనే కామిక్స్ సంత మొదలైనప్పుడు తమ పుస్తకాలు తామే వేసుకుని తెచ్చిన బృందాలు 32. మన దేశంలో 2011లో ఢిల్లీ హాట్‌లో, చేనేతలు, బొమ్మలు అమ్మే సంత ఆవరణలోనే కామిక్ కాన్ మొదలైంది. తిరుపతి గ్రంథాలయం ఆవరణలో ఒక షామియానా, కొన్ని బల్లలు, కుర్చీలు మనకు సరిపోతాయి. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలతో లోపలి హాలు ఎప్పుడూ నిండి ఉంటుందని నాకు తెలుసు. వాళ్ళని కదిలించకుండా అంతా బయటే పెట్టుకోవచ్చు.

బల్లలకు అద్దె తీసుకోవద్దు. పెద్ద కన్వెన్షన్లలో బల్ల అద్దె, ప్రయాణం, లాడ్జి ఖర్చులన్నీ కలిస్తే, అప్పుడే మొదలుపెట్టిన కుర్రాళ్ళకు పుస్తకాలన్నీ అమ్మినా చేతికేమీ మిగలదు. ఇక్కడ వేసేవాళ్ళెవరైనా పేరు రాయించుకుని కూర్చోవచ్చని చెప్పండి. శ్రీకాళహస్తి కలంకారి వాళ్ళకు రెండు మూడు బల్లలు కేటాయించండి. వాళ్ళు గుడ్డ, కలం తెచ్చుకుని అక్కడే పని చేస్తారు. పిల్లలు చూస్తారు.

బోర్డులు రాసే ఆర్టిస్టులని తప్పకుండా పిలవండి. ఈ మాట డ్రాయింగ్ టీచర్‌గా గట్టిగా అడుగుతున్నాను. తెలుగు కామిక్స్‌లో కష్టమైన పని లెటరింగ్, అంటే బుడగల్లో మాటలు రాయడం. ఇంగ్లీషు కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలే, ఒకటే ఎత్తు, లైను కింద లైను అతికినట్టు కూర్చుంటుంది. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉన్నాయి. 'రాష్ట్రం' అని రాయాలంటే కింద వత్తుల కోసం జాగా వదలాలి, కాబట్టి లైన్లు దూరం జరుగుతాయి, బుడగ పెరుగుతుంది, బొమ్మ మొహం దాని కిందికి పోతుంది. బొమ్మ వేయకముందే మాటలకు ఎంత చోటు కావాలో లెక్క వేసుకోవాలి. కంప్యూటర్ ఫాంటు తెచ్చి అతికిస్తే పెళ్ళి శుభలేఖలో అక్షరాల్లా కనబడతాయి, కోపంగా అరిచినా, గుసగుసలాడినా ఒకేలా ఉంటాయి. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయిన ఆర్టిస్టులు తిరుపతిలో, చిత్తూరులో ఇంకా ఉన్నారు. ఎంత జాగాలో ఏ అక్షరం ఎంత పట్టాలో వాళ్ళ మణికట్టుకు తెలుసు. ఒక పూట వాళ్ళ చేత పిల్లలకు అక్షరాలు నేర్పించండి, దానికి తగిన గౌరవ వేతనం ఇవ్వండి.

ఒక జిరాక్స్ మెషిన్ కూడా కావాలి. ఏ4 కాగితాన్ని నిలువుగా ఒక మడత, అడ్డంగా రెండు మడతలు పెట్టి విప్పితే 8 గళ్ళు వస్తాయి. నడిమి పొడుగు మడత మీద, మధ్య రెండు గళ్ళ మేర కత్తెర వేసి మళ్ళీ మడిస్తే 8 పేజీల పుస్తకం తయారు. పిన్ను అక్కర్లేదు, గమ్ము అక్కర్లేదు. ఒక పక్కే బొమ్మలు కాబట్టి కాపీకి రెండు మూడు రూపాయలకు మించదు. పొద్దున వచ్చిన పిల్లలు సాయంత్రానికి తమ పుస్తకం తాము వేసి, కాపీలు తీసి, పక్క బడి పిల్లలతో మార్చుకుని ఇంటికి పోవచ్చు. ప్రతి పుస్తకం కాపీ ఒకటి గ్రంథాలయం తీసుకుని, నంబరు వేసి, బీరువాలో పెట్టాలని నా కోరిక. తన పుస్తకం లైబ్రరీలో ఉందని తెలిసిన పిల్ల మళ్ళీ ఆ మెట్లెక్కకుండా ఉండదు.

డబ్బు సంగతి కూడా మాట్లాడతాను. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమందరం కడుతున్నాం. ఆ పిల్లల తల్లిదండ్రులూ కడుతున్నారు. పుస్తకాల కొనుగోలు జాబితాలో బొమ్మల కథలకు ఒక వరస పెట్టండి. అమర చిత్ర కథలు, పిల్లల పత్రికల పాత సంచికల సంపుటాలు, కొత్తగా తెలుగులో ఎవరు వేస్తే వాళ్ళ పుస్తకాలు. రాష్ట్రంలోని శాఖా గ్రంథాలయాలు తలా ఒక కాపీ కొంటాయని తెలిస్తే, తెలుగులో కామిక్ వేయించడానికి ఒక ప్రచురణకర్త ధైర్యం చేస్తాడు. ఇప్పుడు చేయకపోవడానికి కారణం కొనేవాళ్ళు ఎంతమందో తెలియకపోవడమే.

కామిక్స్ చదివితే చదువు పాడవుతుందని కొందరు తల్లిదండ్రులు, కొందరు టీచర్లు కూడా నాతో అంటుంటారు. వాళ్ళ భయాన్ని నేను తోసిపుచ్చను. పెద్దవాళ్ళ కోసం వేసిన కామిక్స్ ఉన్నాయి, అవి చిన్నపిల్లల చేతికి పోకూడదు. అందుకే గ్రంథాలయమే వయసును బట్టి పుస్తకాలను విడదీసి పెట్టాలంటున్నాను. ఫోన్లో ఆ విడదీసే మనిషి ఎవరూ లేరు. ఇక చదువు సంగతి, ఇప్పుడు తడుముకోకుండా తెలుగు చదివే నడివయసువాళ్ళను అడగండి, మొదట ఏం చదివి అలవాటైందో. చాలామంది చందమామ, బాలమిత్ర అనే చెప్తారు.

1935లో కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పిన గ్రంథాలయోద్యమం మనది. చదివేవాళ్ళు ఎక్కడున్నారో అక్కడికి పుస్తకం పోవాలని ఆ పెద్దలు అనుకున్నారు. ఇవాళ మన పిల్లలు బొమ్మల దగ్గరున్నారు.

చివరగా, మొదట్లో చెప్తానన్న సంగతి. ప్రారంభ సభను దయచేసి పావుగంటలో ముగించండి. వచ్చే పెద్దలను గౌరవించాల్సిందే, దీపం వెలిగించాల్సిందే. కానీ నాయకుల రాక కోసం పిల్లలు ఎండలో వరసల్లో కూర్చునే ప్రారంభాలు మనకు అలవాటైపోయాయి. వచ్చిన అతిథులను వేదిక మీద కాకుండా బల్లల దగ్గర కూర్చోబెట్టి, ఒక కాగితం ఇచ్చి, నాలుగు గళ్ళ కథ వేయమనండి. పిల్లలు వాళ్ళకు సాయం చేస్తారు.

మా వైపు నుంచి ఏం చేయగలమో కూడా రాస్తున్నాను. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు బడుల్లో తెలిసిన డ్రాయింగ్ టీచర్లతో మాట్లాడాను, ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్లల దగ్గర ఉండి నేర్పడానికి ఒప్పుకున్నారు. కలంకారి వాళ్ళను నేను తీసుకొస్తాను. కాగితాలు, స్కెచ్ పెన్నులు మా బడి పూర్వ విద్యార్థులు ఇస్తామన్నారు. మీ నుంచి కావలసింది ఆవరణ, షామియానా, కరెంటు, తాగునీళ్ళు, బడులకు ఒక సర్క్యులర్. దసరా సెలవులకు ముందే అనుమతి తెలియజేస్తే పిల్లలు సెలవుల్లో కథలు వేసుకుంటారు, అక్టోబర్‌లో కాపీలు తీసి సిద్ధంగా ఉంచుతాం. ఎప్పుడు రమ్మంటే అప్పుడు పిల్లల బొమ్మల ఫైలు పట్టుకుని మీ ఆఫీసుకు వస్తాను.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచర్,
శ్రీకాళహస్తి